ఖాళీ నీళ్ళు

కథ ఎక్కడ ఆగిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. పెద్దమ్మ కన్నుమూసిన ఇంటి నుంచి తెచ్చిన మంచినీళ్ళలో థాలియం అనే విషలోహం ఉందని తేల్చి, ల్యాబులో పనిచేసే చుక్కలమ్మ నలుగురి ముందూ పెద్దమ్మ కోడలైన వదిన మీద వేలు చూపించింది. ఆ ఇంట్లో నీళ్ళు పట్టేది, కాచేది, మంచం దగ్గరికి తీసుకెళ్ళి తాగించేది వదినే మరి. నెలలు నిండుతున్న వదిన చేతిలో గ్లాసు కింద పెట్టి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెదనాన్న మాత్రం, "పరీక్ష ఇంకోసారి చెయ్యి తల్లీ. ఒక మనిషి బతుకు కదా," అన్నారు.

ఆ మాట కాదనలేక చుక్కలమ్మ పరీక్ష మళ్ళీ మొదలుపెట్టింది.

ల్యాబులో ఆమెకు ఆ పేరు ఊరికే రాలేదు. ఆసిడ్ పోసేటప్పుడు గొట్టం చివర చుక్క ఉబ్బి, ఊగి, తనంతట తాను తెగి పడేదాకా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఇల్లు తగలబడుతోందన్నా ఆ చుక్క పడ్డాకే లేస్తుందని తోటివాళ్ళు నవ్వుకుంటారు.

ఆ పని అలాంటిదే. క్యాను నిండా ఉన్న నీళ్ళలో ఆవగింజ ముక్కలో ముక్కంత లోహం కరిగి ఉంటే ఎంత గొప్ప యంత్రానికైనా ఆనదు. అందుకని ఆ నీళ్ళను సన్నటి గాజు గొట్టంలో కూరిన రెజిన్ పూసల మీదుగా వదులుతారు. గసగసాలంత పూసలు, తేనె రంగువి. నీళ్ళు వాటి సందుల్లోంచి జారిపోతాయి, లోహం మాత్రం పూసల ఒంటికి అంటుకుని ఉండిపోతుంది. క్యాను ఖాళీ అయ్యాక పైనుంచి కాస్త ఆసిడ్ పోస్తే, అంటుకున్నదంతా పట్టు వదిలి కింద పెట్టిన చిన్న గిన్నెలోకి దిగుతుంది. క్యానెడు నీళ్ళలో దాక్కున్నది చెంచాడు ఆసిడ్‌లో పోగవుతుంది. అప్పుడు యంత్రానికి కళ్ళొస్తాయి.

దానికి తోడు ఇంకో పరీక్ష ఉంటుంది. ఏ మలినమూ లేకుండా శుద్ధి చేసిన నీళ్ళను కూడా అదే గొట్టంలో, అవే పూసల మీదుగా, అదే ఆసిడ్‌తో నడపాలి. దాన్ని బ్లాంక్ అంటారు. చుక్కలమ్మ ల్యాబులో మాత్రం ఖాళీ నీళ్ళు అనే అంటారు. ఖాళీ నీళ్ళలో ఏమీ కనబడకూడదు. అందులో ఏమీ లేదంటేనే అసలు నీళ్ళలో కనిపించినదాన్ని నమ్మాలి. పెద్దమ్మ పోయిన దుఃఖంలో, జన్మలో లేని తొందర ఒకటి నెత్తికెక్కి, మొదటిసారి చుక్కలమ్మ ఆ ఖాళీ నీళ్ళ పరీక్ష వదిలేసింది.

ఈసారి చేసింది. యంత్రం ముందు తాతగారు కూర్చున్నాడు. మనిషికి ముప్పై నిండాయో లేదో గాని మాటలన్నీ ముసలివి కావడంతో అందరికీ తాతగారయ్యాడు. తెర మీద పచ్చటి గీత నేలబారుగా పాకుతూ పాకుతూ వచ్చి, ఉన్నట్టుండి పడగెత్తింది.

"ఇది ఆ ఇంటి నీళ్ళదే కదా," అంది చుక్కలమ్మ.

"కాదండీ. ఖాళీ నీళ్ళది."

"గిన్నెలు తారుమారయ్యాయేమో చూడండి తాతగారూ."

"తారుమారు చేసే విద్యే ఉంటే ముందు నా జాతకం మార్చుకునేవాణ్ణి," అన్నాడు గాని, అతని గొంతులో నవ్వు లేదు. "కింద రాసి ఉంది చూడండి, మీ చేతిరాతే."

ఏమీ లేని నీళ్ళలో పెద్దమ్మను చంపిన లోహం ఉంది.

సీసా శుభ్రంగా లేదేమోనని కొత్త సీసాలు తీసి ఆసిడ్‌లో నానబెట్టి కడిగింది. మళ్ళీ పడగెత్తింది. ఆసిడ్ మీద అనుమానం వచ్చి సీలు తీయని బుడ్డి తెరిచింది. అప్పుడూ అంతే. పాత పూసలు పారబోసి కొత్తవి కూరింది. ఆ గది గాలిలోనే ఏదో ఉందనుకుని, సామానంతా చంకనెత్తుకుని మెట్ల కింద ఉన్న కొట్టుగదిలోకి మారింది. అక్కడా అదే. ఆఖరికి తాతగారు తమ డాబా మీద పట్టిన వాన నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆకాశం నుంచి నేరుగా దిగిన నీళ్ళు. వాటిలోనూ పచ్చగీత తల ఎత్తి ఆమె వైపు చూసింది.

అప్పుడు ఆమెకు భయం పట్టుకుంది. తన వెనకే ఎవరో నడుస్తున్నట్టు, తాను మూత తీసిన ప్రతి సీసాలోనూ ఒక వేలు ముంచి పక్కకు తప్పుకుంటున్నట్టు అనిపించేది. పట్టపగలు, పక్క గదిలో మనుషుల అలికిడి వింటూనే వెనక్కి తిరిగి చూసేది. ఫ్యాను గాలికి ఊగే తెర తప్ప ఏమీ ఉండేది కాదు.

పెద్దమ్మ చివరి రోజులు కళ్ళముందు కదిలేవి. దిండు మీద గుప్పెళ్ళకొద్దీ రాలిన జుట్టు. పాదాల మీద దుప్పటి పడినా నిప్పులు పోసినట్టు కేకలు. "కాళ్ళ దగ్గర ఎవరే కూర్చుంది? లేవమను," అనేది. చుక్కలమ్మ చూసేది. అక్కడెవరూ ఉండేవారు కాదు. అయినా పెద్దమ్మ మనసు కుదుటపడాలని, "లేవండి, పక్కకెళ్ళండి," అని ఆ ఖాళీ చోటుతో చెప్పేది. తల్లి లేని తనను ఎత్తి పెంచిన మనిషి అడిగితే దయ్యంతోనైనా మాట్లాడాలి కదా. ఆ దయ్యమే తన మాట విని మంచం దిగి, తన వెంట ల్యాబుదాకా వచ్చిందేమో. రసాయనశాస్త్రం చదివిన మనిషి తలలోకి రావలసిన ఆలోచన కాదది. వచ్చింది, పొమ్మన్నా పోలేదు.

ల్యాబు మేడం అంతా గమనిస్తూనే ఉంది. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కుర్చీ లాక్కుని చుక్కలమ్మ పక్కన కూర్చుంది.

"పూసలకు మంచీ చెడూ తెలియదమ్మా. నీళ్ళలోదో, మన పొరపాటుదో అని అడగవు. ఏది దొరికితే అది పట్టుకుంటాయి. నిజాన్ని ఎంత పెద్దది చేసి చూపిస్తాయో, మన మురికినీ అంతే పెద్దది చేస్తాయి."

"మురికి ఎక్కడుందో దొరకట్లేదు మేడం. అన్నీ మార్చేశాను."

"అన్నీ మార్చలేదు. ఇవాళ నువ్వు ఏదీ ముట్టుకోవద్దు. తాతగారు చేస్తాడు, నువ్వు చూస్తూ కూర్చో."

తాతగారు గ్లవ్స్ తొడుక్కున్నాడు. అదే నీళ్ళు, అవే పూసలు, అదే ఆసిడ్. పొద్దున్నంతా గొట్టం కింద చుక్క మీద చుక్క పడుతుంటే ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. గిన్నె యంత్రానికి ఎక్కింది. పచ్చగీత తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా నిద్రపోతున్నట్టు సాగింది. ఎక్కడా తల ఎత్తలేదు.

తర్వాత చుక్కలమ్మ చేసింది. మేడం పక్కనే నిలబడి ప్రతి కదలికా చూసింది. గీత పడగెత్తింది.

తాతగారు తన కుర్చీని, తనకు తెలియకుండానే కాబోలు, కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. అది చూసి చుక్కలమ్మ మనసు చివుక్కుమంది.

"గ్లవ్స్ తియ్యి," అంది మేడం.

తీసింది. మేడం ఆమె చేతుల్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, బొటనవేలి గోరు వెలుగులోకి తిప్పింది. గోటికి అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంది. తర్వాతి వేలికీ ఉంది. పది గోళ్ళకూ, ఒకే ఎత్తులో, ఎవరో సుద్దముక్కతో ఓపిగ్గా గీసినట్టు.

"ఎన్నాళ్ళ నుంచి ఇవి?"

"చూసుకోలేదు మేడం."

"జుట్టు రాలుతోందా?"

దువ్వెనకు చిక్కుతున్న జుట్టు ఆమె చూసుకుంటూనే ఉంది. దిగులు వల్లే అనుకుంది. అరికాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంటే నిలబడి పనిచేసినందుకే అనుకుంది. దిగులు మీదికి ఎన్నయినా నెట్టెయ్యొచ్చు. కాదనడానికి దానికి నోరు లేదు.

మేడం ఒక గిన్నెలో శుద్ధి చేసిన నీళ్ళు పోయించి, "చేతులు ముంచు," అంది. ముంచింది. ఆ నీళ్ళను తాతగారు పూసల మీదుగా నడపకుండానే తిన్నగా యంత్రానికి ఇచ్చాడు. లోహాన్ని పోగుచేయవలసిన అవసరమే లేకపోయింది. పచ్చగీత నిట్టనిలువుగా లేచి తెర పై అంచు దాటిపోయింది.

కంచే చేను మేసిందంటే ఇదే. విషాన్ని వెతికే చేతులే విషాన్ని మోసుకు తిరుగుతున్నాయి. పెద్దమ్మ ఇంట్లో కుళాయి విప్పింది ఆ చేతులు. క్యాను నింపింది, మూత పెట్టింది, పూసలు కూరింది అవే. పూసలు పట్టుకున్నది వాటి విషాన్నే, ఆ ఇంటి నీళ్ళలో ఏమీ లేదు. ఆ నీళ్ళు వదిన మనసంత తేటగా ఉన్నాయి.

"చేతులకు ఏమైనా రాస్తావా?" మేడం అడిగింది.

చుక్కలమ్మ తల ఎత్తింది. ఆసిడ్ పని చేసేవాళ్ళకు వేళ్ళు పగుళ్ళివ్వడం మామూలే. పొద్దున్నే గ్లవ్స్ తొడిగే ముందు ఆ పగుళ్ళకు మందు రాసుకోవడం ఆమెకు అలవాటు. ఆ జిడ్డు వేళ్ళతోనే గ్లవ్స్ లాక్కుంటే పైభాగానికి అంటక ఏమవుతుంది. ఆమె సంచిలోంచి తెల్లటి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. మైనంలాంటి పూత, లేత పసుపు రంగు, కమ్మటి వాసన. పెద్దమ్మ తన కాళ్ళ పగుళ్ళకు రోజూ రాసుకున్న మందది. మంచం పట్టకముందు, "నీ చేతులు చూడవే, గరగరలాడుతున్నాయి," అంటూ తన డబ్బాలోంచి కొంత, అలాంటిదే ఈ చిన్న డబ్బాలోకి తీసిచ్చింది.

తాతగారు గాజు పుల్ల కొసకు అంటిన ఆ మందును ఆసిడ్‌లో కరిగించి యంత్రానికి ఇచ్చాడు. యంత్రం కొలవలేక ఆగిపోయింది.

మేడం డబ్బాను లోపలిది కనబడే ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి చొరబడకుండా మూసింది. "ఇది డాక్టరు చేతికే ఇవ్వు. ఇప్పుడే ఆసుపత్రికి పద. మందు ఉంది దీనికి, ఆలస్యం కాలేదు."

"దారిలో ఒక్క నిమిషం ఆ ఇంటి దగ్గర ఆగాలి మేడం. పెద్దమ్మ డబ్బా ఇంకా అక్కడే ఉండి ఉంటుంది. పెదనాన్న దాన్ని ఎవరికైనా ఇస్తే? పైగా వదిన..." మాట పూర్తి కాలేదు.

మేడం ఆ సంచి ఆమె చేతిలో పెట్టింది. "ఒక్క నిమిషమే. తాతగారూ, మీ స్కూటర్ తియ్యండి."

తాతగారు దారి పొడుగునా మాట్లాడలేదు. ఆ ఇంటి ముందు ఆపాక మాత్రం, "అక్కా, ఇందాక కుర్చీ జరుపుకున్నాను, ఏమీ అనుకోకండి," అన్నాడు. అక్కా అని పిలవడం అదే మొదలు. చుక్కలమ్మ అతని భుజం తట్టబోయి, తన చెయ్యి చూసుకుని ఆగిపోయింది.

కింద మూతబడిన మందుల దుకాణం, పైన ఇల్లు. బతుకంతా పెదనాన్న ఆ దుకాణంలోనే డాక్టర్లు రాసిచ్చిన మందులు కలిపి ఇచ్చారు. ఆయన చెయ్యి పడితే సగం జబ్బు పోయినట్టే అనేవాళ్ళు. మెట్లు ఎక్కుతుంటే తలుపు సందుల్లోంచి ఇప్పటికీ కర్పూరం, లవంగనూనె కలిసిన వాసన వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి, ముందుగదిలో మధ్యాహ్నమే మసక కమ్మింది. పెదనాన్న కిటికీ పక్కన కుర్చీలో, ఒళ్ళో పేపరు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. చదువుతున్నట్టు లేదు.

"వదినేదీ?"

"లోపల పడుకుంది. ఇప్పట్లో నీతో మాట్లాడదు తల్లీ. పట్టించుకోకు."

"మాట్లాడనక్కర్లేదు. వినిపించేలా చెప్పి పోతాను." చుక్కలమ్మ గొంతు పెంచింది. "నీళ్ళలో ఏమీ లేదు పెదనాన్నా. తప్పు నాది. వదిన చేతుల మీదుగా పెద్దమ్మకి ఏ హానీ జరగలేదు."

"నాకు తెలుసమ్మా," అన్నారాయన మెల్లగా.

ఆ మాటకు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అందరూ తన పరీక్షను నమ్మిన రోజున కూడా ఈ మనిషి కోడల్ని నమ్మాడే అనుకుంది. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఆయన ముందున్న బల్ల మీద పెట్టింది. లోపల ఏముందో చెప్పడానికి నోరు తెరిచింది గాని, ఆయన చేతుల కదలిక చూసి ఆగిపోయింది.

పెదనాన్న ముందు తన మంచినీళ్ళ గ్లాసు తీసి అవతల గట్టు మీద పెట్టారు. తర్వాత జేబులోంచి రుమాలు తీసి, మడత విప్పి, దానితో కవరు మూలను రెండు వేళ్ళ మధ్య పట్టి తనకు దూరంగా జరిపారు. మూసిన కవరు మీద కూడా వేలు ఆననివ్వలేదు. ఎన్నో ఏళ్ళుగా అలవాటైన పనిలా, నెమ్మదిగా, వణుకు లేకుండా చేశారు.

ఆమె ఆ డబ్బా గురించి ఇంకా ఒక్క మాట కూడా చెప్పలేదు.

గదిలో వెలుతురు ఇంకాస్త తగ్గినట్టనిపించింది. చుక్కలమ్మ అరికాళ్ళలో చీమలు మోకాళ్ళ దాకా పాకాయి. పెదనాన్న తల ఎత్తి ఆమె చేతులకేసి చూశారు. ఒక్కో గోరే చూశారు. మందులు కలిపిన మనిషి కళ్ళు, ఏం చూడాలో వాటికి తెలుసు.

"నీకూ ఇచ్చిందా," అన్నారు.

చుక్కలమ్మ తల ఆడించింది.

"నీకు ఇస్తుందనుకోలేదు తల్లీ."

కోపం గాని, ఏడుపు గాని లేని గొంతు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పారు. చిన్నప్పుడు పడిశం పడితే ఆ గొంతే వినబడేది, ఆ చెయ్యే నుదుటి మీద ఉండేది. ఆ గొంతులోంచి ఇలాంటి మాట ఎలా వస్తుందో ఆమెకు అర్థం కాలేదు. పారిపోవాలనిపించింది. అయినా అడిగింది.

"ఎందుకు పెదనాన్నా?"

ఆయన కిటికీ బయటకు చూస్తూ తనలో తాను లెక్క సరిచూసుకుంటున్నట్టు మాట్లాడారు.

"ఒక్క డబ్బాయే చేశాను. ఆవిడ కాళ్ళకే అని చెప్పాను. నీ ఒంటికి తప్ప ఇంకెవరికీ పడదు, ఇవ్వకు అని కూడా చెప్పాను. ఊహూఁ. అరటిపండు దొరికినా అరముక్క పక్కవాళ్ళ నోట్లో పెట్టందే తోచని మనిషి కదా మీ పెద్దమ్మ. ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ సంగతే మరిచిపోయాను." ఒక్కసారిగా ఆమె వైపు తిరిగారు. ఆ ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. "చుట్టాలకు, పక్కింటివాళ్ళకు... ఇంకెవరికైనా ఇచ్చిందా? నీకేమైనా చెప్పిందా? గుర్తు తెచ్చుకో."

చుక్కలమ్మ వెనక్కి అడుగు వేసింది. తలుపు ఎంత దూరం ఉందో, కేకేస్తే కింద తాతగారికి వినిపిస్తుందో లేదో చూసుకుంటోంది. అంతలో లోపలి గది తెర కదిలింది.

వదిన గుమ్మం పట్టుకుని నిలబడింది. ముఖం పీక్కుపోయి ఉంది. నిండు పొట్ట మీద చీర పక్కకు తప్పించి, చేత్తో రుద్దుకుంటోంది. చుక్కలమ్మ కేసి చూడనైనా లేదు. చూపంతా బల్ల మీది కవరు మీదే ఉంది. ఇందాకటి మాటలేవీ ఆమె చెవిన పడినట్టు లేదు.

"అది అత్తయ్య మందే కదా మామయ్యా," అంది నీరసంగా. "నాకిచ్చింది నిన్నటితో అయిపోయింది. పొట్ట మీద ఒకటే దురద, రాత్రంతా నిద్ర లేదు. తెచ్చినావిడకి అక్కర్లేకపోతే నాకిమ్మనండి."

పెదనాన్న లేవబోయి కుర్చీ చేతులు పట్టుకున్నారు. లేవలేకపోయారు.